నానమ్మ చీరలతో అందరం కలిసి బొంత కుట్టాలనుకుంటున్నాం, చేసినవాళ్ళు చెప్పండి

పాతపెట్టె:
మా నానమ్మ పోయిన కార్తీకంలో కాలం చేసింది. సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆమె పెట్టె తెరిస్తే 19 చీరలు ఉన్నాయి. 13 మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు, రెండు గద్వాల చీరలు, ఎక్కడి నేతో తెలియని నూలు చీరలు మూడు, పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర ఒకటి. పంచుకుంటే ఎవరి బీరువాలో వాళ్ళు దాచుకుంటాం, మళ్ళీ పదేళ్ళ దాకా ఎవరూ తీసి చూడరు. మనవలం, మనవరాళ్ళం 17 మందిమి. హైదరాబాదు, విశాఖ, చెన్నై, డాలస్‌లలో ఉన్నాం. నాన్న, పెదనాన్న, ఇద్దరు మేనత్తలు కూడా చేరతామన్నారు. మనిషికి రెండు ముక్కలు. ప్రతి ముక్క మీద నానమ్మ గురించి తనకు గుర్తున్న ఒక సంగతిని దారంతో కుట్టాలి. 42 ముక్కలూ కలిపితే ఒక బొంత.

నా సందేహాలు: ముక్క ఎంత కొలత ఉండాలి? రంగు దిగే చీరలను ఏం చేయాలి? పట్టుచీరను కోయవచ్చా? బొంత పూర్తయ్యాక ఎవరి దగ్గర ఉండాలి?

మిద్దెతోట:
పట్టుచీర జోలికి మాత్రం వెళ్ళకండి. మా అమ్మ పెళ్ళిచీరను మా చెల్లెలు దిండు గలీబులు కుట్టించడానికి దర్జీకి ఇచ్చింది. నలుగురికి నాలుగు వస్తాయని ఆమె ఆలోచన. నాకు ఫోను చేసి చెప్పేసరికి కొంగు రెండు ముక్కలైపోయింది. అది ఏడు వారాల నగల కన్నా మా అమ్మ ఎక్కువగా చూసుకున్న చీర. ఏటా ఆశ్వయుజంలో తీసి, ఎండ తగలకుండా వసారాలో ఆరేసి, మడత మార్చి మళ్ళీ పెట్టేది. అలాంటి దానిమీద మనుషులు తల పెట్టుకుని పడుకుంటున్నారు. మూడేళ్ళయింది, ఇప్పటికీ నేను ఆ ఇంట్లో ఆ గదిలోకి వెళ్ళను. కోసిన చీర మళ్ళీ చీర కాదు. 21 మందిలో ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఆగండి.

కరీంనగర్_కోడలు:
బొంత అంటే ముక్కలు అతకడం కాదండీ. మా అత్తగారు ప్రతి ఎండాకాలం ఒక బొంత కుట్టేది. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, నేలమీద కూర్చుని, అంచు నుంచి మొదలుపెట్టి కచ్చా కుట్టుతో చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చేది. లెక్క చెబుతాను. చీర ఐదున్నర మీటర్లు. దాన్ని మూడు చేస్తే ఒక్కోటి ఇంచుమించు 1.8 మీటర్లు. రెండేసి ముక్కలు పక్కపక్కన కలిపితే ఒక పొర. అంటే రెండు చీరలకు మూడు పొరలు, నాలుగు చీరలకు ఆరు పొరలు. ఆరు పొరలుంటే పుష్య మాసం చలికి కూడా సరిపోతుంది. లోపల దూది అక్కరలేదు. పైపొర మెత్తగా అరిగిన చీరదై ఉండాలి, మధ్యలో చిరిగినవి వేసినా ఫరవాలేదు.

మీరు చెబుతున్నది వేరే పని. మంచిదే కానీ దాన్ని బొంత అనకండి.

బెంగళూరు_వలస:
ముక్కలు వేసినా అది బొంతే. ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు కుట్టే కవందులనే బొంతలు చూశాను. అవీ మీ అత్తగారిలాగే అంచు నుంచి మధ్యకు కుడతారు, పైన మాత్రం రంగురంగుల గుడ్డముక్కలు పొరలు పొరలుగా వేస్తారు. నాలుగు మూలల్లో చిన్న ముక్కలు మడిచి పువ్వుల్లా పెడతారు, అవి లేకపోతే కవంది పూర్తయినట్టు కాదు. పేర్ల గురించి తగువు ఎందుకు? పాతపెట్టె గారూ, ఆ మూలల ఆలోచన మీకు పనికొస్తుంది. మీ నాన్నగారి తరం నలుగురికీ నాలుగు మూలలు ఇవ్వండి.

చీరాల_చిన్నది:
రంగు గురించి ఎవరూ చెప్పలేదు. చాలా సులువు. బకెట్ నీళ్ళలో రెండు గుప్పెళ్ళ రాళ్ళ ఉప్పు, ఒక మూత వెనిగర్ వేసి రాత్రంతా నానబెట్టండి. రంగు నూలులో గట్టిపడిపోతుంది. మా అమ్మ కొత్త చీర ఏది వచ్చినా ముందు ఉప్పునీళ్ళలో వేసేది. మా ఇంట్లో ఒక్క చీర రంగు దిగలేదు.

రంగులద్దకం:
ఇది తప్పు. 31 ఏళ్ళు నూలు అద్దకం పని చేసి విరమించుకున్నాను, అందుకే ఇంత నిక్కచ్చిగా చెబుతున్నాను. ఉప్పు అద్దకం తొట్టిలో వేస్తారు, నిజమే. నీటిలో కరిగిన రంగును నూలు వైపు నెట్టడం దాని పని. రియాక్టివ్ రంగు నూలుతో కలిసిపోయేది తరువాత వేసే సోడా వల్ల. అద్దకం ముగిసిన చీరను ఇంట్లో ఉప్పునీళ్ళలో ముంచితే కొత్తగా ఏదీ అతుక్కోదు. వెనిగర్ సంగతి సరే సరి. పట్టుకీ ఉన్నికీ వేసే ఆమ్లపు రంగులకు అది కావాలి, నూలుకు దానితో సంబంధమే లేదు.

చీరాల_చిన్నది:
మరి మా ఇంట్లో ఎందుకు దిగలేదు? నలభై ఏళ్ళు సంసారం చేసిన మనిషికి తన చీర సంగతి తెలియదా?

రంగులద్దకం:
మంచి అద్దకం చీరలు కొన్నారు కాబట్టి దిగలేదు. ఉప్పు వేయకపోయినా దిగేవి కావు. నాసిరకం డైరెక్ట్ రంగు, అంటే నూలుకు పైపైనే అంటుకునే రంగు, వేసిన చీరను ఉప్పునీళ్ళలో పెట్టి చూడండి. ఉప్పు ఉన్నంతసేపు రంగు నీళ్ళలోకి రానట్టే ఉంటుంది. మంచినీళ్ళలోకి మార్చగానే మళ్ళీ వస్తుంది. చాలామంది మొదటిదే చూసి నమ్ముతారు.

చీరాల_చిన్నది:
మీరు తొట్టి దగ్గర నిలబడ్డారు, మా అమ్మ చాకిరేవు దగ్గర నిలబడింది. ఉతికేవాళ్ళకు తెలిసినది రంగు వేసేవాళ్ళకు తెలియాలని లేదు. మాట మర్యాదగా రానివ్వండి.

రంగులద్దకం:
మీ అమ్మగారిని నేను ఒక్క మాట కూడా అనలేదు. ఉప్పును అన్నాను. ఈ మాట నమ్మి ఎవరైనా ఎర్రంచు చీర పక్కన తెల్లచీర కుడితే, మొదటి ఉతుకులోనే 21 మంది పని గులాబీ రంగైపోతుంది. అది చూస్తూ ఊరుకోలేను.

రెండుజడలు:
నాకు అచ్చంగా అదే జరిగింది. మా అమ్మమ్మ తెల్ల పొందూరు ఖద్దరు చీర పక్కన మెరూన్ రంగు ముక్క వేశాం. ఉప్పునీళ్ళలో నానబెట్టే వేశాం. ఉతికి ఆరేసేసరికి తెలుపు మీద అరచేయంత మరక. దానిమీద మా పిన్ని అమ్మమ్మ సంతకం కుట్టింది, చూసి ఆ రోజంతా అన్నం తినలేదు. రంగులద్దకం గారూ, మరి ఏం చేయాలో అది చెప్పండి.

రంగులద్దకం:
తడిపిన తెల్ల నూలుగుడ్డను చీర లోపలి అంచు మీద పరిచి, వేడి ఇస్త్రీపెట్టె అరనిమిషం ఒత్తండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ చీర దిగుతుంది. ప్రతి రంగుకూ విడిగా చూడాలి. ముఖ్యంగా ఎరుపు, మెరూన్, ముదురు నీలం, నలుపు. అంటిన చీరను విడిగా పదిసార్లు ఉతికినా ఆగకపోతే పక్కన పెట్టేయండి.

పాతపెట్టె గారికి ఇంకొక మాట. ముప్పై ఏళ్ళు కట్టి ఉతికిన చీర గురించి భయం అక్కరలేదు. దిగాల్సినదంతా ఏనాడో దిగిపోయింది. భయమంతా ఒక్కసారి కూడా నీళ్ళు చూడని చీరలతోనే. ఎక్కడి నేతో తెలియదన్న ఆ మూడూ ఒకసారి తీసి చూడండి, గంజి ఇంకా అలాగే ఉందేమో.

పాతపెట్టె:
చూశాను. మూడింటికీ గంజి పోలేదు. ఒకదానికి దుకాణం చీటీ కూడా ఉంది. అవి మేం ఇచ్చినవే. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో నేనొకటి, అన్నయ్య ఒకటి కొన్నాం. మూడోది డాలస్ చెల్లెలు తెచ్చింది. నానమ్మ ఒక్కటీ కట్టుకోలేదు. నిన్నటి నుంచి నాకు ఇంకేదీ తోచడం లేదు. నచ్చలేదేమో, ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

కరీంనగర్_కోడలు:
నచ్చకపోతే పనిమనిషికో, ఊళ్ళో ఎవరికో ఎప్పుడో ఇచ్చేసేది. పెట్టెలో పెట్టుకుంది. మా అత్తగారి బీరువాలో కూడా మా ఆయన కొనిచ్చిన చీర మడత విప్పకుండా ఉంది. ఎప్పుడు అడిగినా పెళ్ళిళ్ళకు కడతానే అనేది. మంచివి దాచి, పాతవి కట్టి బతికిన తరం అది. మీరు బాధపడకండి.

మిద్దెతోట:
పెద్దవాళ్ళకు చీర కొనేటప్పుడు బరువు చూడాలి. మా అమ్మ చివరి ఐదేళ్ళు బరువు చీర కట్టలేకపోయింది, భుజం నొప్పి. మేం ప్రతి పండక్కీ పెద్దంచు చీరలే తెచ్చేవాళ్ళం. పాత మంగళగిరి చీర ఎందుకు వదలదో మాలో ఒక్కరికీ తట్టలేదు.

నియమం:
ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతున్నాను. పోయినవారి వస్త్రాలు ఇంట్లో ఉంచి కప్పుకోవడం మన పద్ధతి కాదు. దానం చేయాలి. సంవత్సరీకం లోపల ఇలాంటి పని పెట్టుకోకండి. పెద్దలనెవరినైనా అడిగి చేయండి.

మడతకుర్చీ:
ఏ పెద్దలను? పుట్టిన బిడ్డను మొదట చుట్టేది దేనిలో? పొత్తిళ్ళంటే ఏమిటి? అమ్మమ్మల, నానమ్మల పాత చీర ముక్కలే కదా. ఉయ్యాల కట్టేది పాత చీరతోనే. మా ఇంట్లో ముత్తవ్వ చీరతో కట్టిన ఉయ్యాలలో నేనూ మా అన్నా పెరిగాం, అప్పటికి ఆమె పోయి తొమ్మిదేళ్ళు. ఎవరికీ ఏ కీడూ జరగలేదు. దుఃఖంలో ఉన్న మనిషిని ఇలా భయపెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

నియమం:
నేను భయపెట్టలేదు. మా ఇంట్లో మేం పాటించేది చెప్పాను. పొత్తిళ్ళకు వాడేది బతికున్నవారి చీర. రెండూ ఒకటి కావు.

మడతకుర్చీ:
సరే, మీ ఇంటి పద్ధతి మీది. నా అనుభవం చెబుతాను, ఎందుకంటే ఇక్కడ అందరూ చీరల గురించే మాట్లాడుతున్నారు. మా తాతయ్య ఆర్టీసీలో కండక్టరు. ఆయన పోయాక ఆరు ఖాకీ చొక్కాలు, నాలుగు పంచెలు, రెండు కండువాలు మిగిలాయి. మగవాళ్ళ బట్టలను ఎవరు దాస్తారు అని అందరూ అన్నారు. మేం నలుగురం మనవలం వాటితోనే కుట్టాం. నలుగురమూ మగవాళ్ళమే, ఎవరికీ సూది పట్టడం రాదు. మా బాబాయి చూసి ఆడపని మీకెందుకన్నాడు. రెండో ఆదివారానికి ఆయనే వచ్చి కూర్చున్నాడు.

ఖాకీ చాలా గట్టి గుడ్డ, చేతి సూది వంగిపోతుంది. పంచెతో కలిపి కుడితే పంచె చిరుగుతుంది. అందుకే ఖాకీ మధ్యలో పెట్టి, పంచెను రెండు పొరలుగా మడిచి చుట్టూ వేశాం. జేబులు మాత్రం విప్పలేదు. ఒక జేబులో టికెట్ల కట్ట మిగులు దొరికింది. దాన్ని అదే జేబులో ఉంచి పైన కుట్టేశాం. మా బాబాయి ఆ జేబు మీద చెయ్యి పెట్టుకుని, తాతయ్య రాత్రి డ్యూటీ నుంచి వచ్చి చిల్లర ఎలా లెక్కపెట్టేవాడో గంటసేపు చెప్పాడు. మా నాన్న బతికుండగా ఆయన నోట ఇవేవీ మేం వినలేదు.

వంటింటి_నోటుపుస్తకం:
ఆ గంటసేపు చెప్పినది రికార్డు చేశారా? చేయకపోతే ఇప్పుడైనా చేయండి. నేను మా అమ్మమ్మ చేత ఆవకాయ కొలతలు చెప్పించి ఫోనులో రికార్డు చేశాను, మొత్తం 11 సంభాషణలు. ఫోను పాడైంది, ఇంకెక్కడా పెట్టలేదు. ఒక్కటీ మిగల్లేదు. మూడు గిద్దెల ఆవపిండి అన్నదో నాలుగన్నదో అమ్మకూ పిన్నికీ ఈనాటికీ తేలదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏదైనా మూడు చోట్ల దాస్తున్నాం: నా కంప్యూటర్లో, తమ్ముడి దగ్గర, ఒక పెన్‌డ్రైవులో. ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఒకే నోటుపుస్తకంలో వంటలు రాస్తున్నాం. ఎవరి వంట వాళ్ళ చేతిరాతలోనే రాయాలని నియమం. పుస్తకం ఊరి నుంచి ఊరికి బస్సు పార్శిల్లో తిరుగుతుంది. మా పెద్దమ్మకు రాయడం రాదు, ఆమె పేజీలో పసుపు చేత్తో అరచేతి ముద్ర వేసింది.

చీరాల_చిన్నది:
గిద్దె అంటే మీ వైపు ఎంత? మా ఇంట్లో సోలలో నాలుగో వంతు. అందరి గిద్దెలూ ఒకటి కావని అమ్మ అనేది. అమ్మమ్మ వాడిన గిన్నె దొరికితే నీళ్ళు పోసి కొలవండి, అదే అసలు లెక్క.

వంటింటి_నోటుపుస్తకం:
గిన్నె ఉంది! ఇత్తడిది, అమ్మ దగ్గర. ఈ ఆలోచన మాకు ఇన్నాళ్ళూ రాలేదు. చాలా కృతజ్ఞతలు.

డాలస్_దారం:
అసలు ప్రశ్నకు వస్తాను. కొలత. శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఎయిడ్స్ స్మారక బొంతలో కొంత భాగం చూశాను. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 పలకలు ఉన్నాయి. ప్రతి పలకా మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, మనిషి సమాధి కొలత. లోపల ఎవరికి తోచింది వాళ్ళు కుట్టారు, జీన్స్ ప్యాంటు, బొమ్మ, ఉత్తరం, ఏదైనా. బయటి కొలత మాత్రం మారదు. అందుకే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి ఎనిమిదేసి కలిసి పన్నెండడుగుల చదరంలో చక్కగా అమరతాయి.

మేం మా బొంత కుట్టినప్పుడు కొలత చెప్పి ఊరుకున్నాం. 20 ముక్కలు వస్తే అందులో 13 మాత్రమే సరిపోయాయి. ఒకరు కుట్టుతో కలిపి కొలిచారు, ఇంకొకరు కుట్టు వదిలి కొలిచారు. మీరు ఆ పని చేయకండి. ఒక్కరే కూర్చుని మొత్తం 42 ముక్కలూ 13 అంగుళాల చదరంగా కోసి పంపండి. చుట్టూ అర అంగుళం కుట్టులోకి పోతే 12 మిగులుతుంది. ఆరు వరుసలు, ఏడు నిలువులు పెడితే ఆరడుగులకు ఏడడుగులు. పోయే అర అంగుళాన్ని పెన్సిలుతో గీసి పంపండి, ఆ గీత దాటి ఎవరూ అక్షరం కుట్టకూడదు. అమెరికా పంపేవి ముందుగా పంపండి. తిరిగి రావడానికి మూడు వారాలు అనుకున్నది మాకు ఏడు వారాలు పట్టింది.

రెండుజడలు:
కోసేముందు ప్రతి చీరనూ వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కూర్చునే చోట, కుచ్చిళ్ళ కింది అంచు దగ్గర జల్లెడలా ఉంటుంది. మొదటి చుట్టులో లోపలికి దోపే భాగం గట్టిగా ఉంటుంది, రంగు కూడా అక్కడే నిలుస్తుంది. దారం నూలుదే వాడండి. పాలియస్టర్ దారం పాత గుడ్డ కన్నా గట్టిది, లాగినప్పుడు గుడ్డే చిరుగుతుంది.

రంగులద్దకం:
ఇది సరైన మాట. పట్టుచీర గురించి మిద్దెతోట గారు చెప్పింది కూడా సరైనదే. పాత పట్టు ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ గీత వెంబడే చీలుతుంది, కోసి కుడితే మరీ తొందరగా. నూలుతో కలిపి ఉతకడానికీ వీలుండదు. దాన్ని మెత్తని తెల్ల నూలుగుడ్డలో చుట్టి, జరీకి కలరా ఉండలు తగలకుండా పెట్టండి. ఆరు నెలలకొకసారి మడత మార్చండి.

మిద్దెతోట:
మా అమ్మ చెప్పకుండా చేసినది మీరు మాటల్లో చెప్పారు.

పాతపెట్టె:
నిన్న రాత్రి అందరం ఫోనులో రెండు గంటలు మాట్లాడుకున్నాం. ధర్మవరం చీర కోయడం లేదు. అది పెద్దత్త దగ్గర ఉంటుంది. కొత్త చీరల్లో నేను కొన్నదానికి ఇస్త్రీ పరీక్ష చేశాను, రంగు అంటలేదు. గంజి పోయేలా నాలుగుసార్లు ఉతికాను. దాన్ని బొంత అడుగు పొరకు వేస్తున్నాం, ఒంటికి తగిలేది అదే. అన్నయ్యది ఎర్రచీర, బాగా దిగింది, దాన్ని వదినకు కట్టుకోమని ఇచ్చాం. బొంత ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తేలలేదు. పెదనాన్న ఏడాదికొక ఇల్లు అంటున్నారు, చిన్నత్త ఊళ్ళో ఇంట్లోనే ఉండాలంటోంది.

ఇంకొక సందేహం. ముక్కలు కోస్తుంటే ఒక వెంకటగిరి చీర కొంగు మూలన గట్టి ముడత కనిపించింది. నానమ్మ చిల్లర ముడివేసుకునే చోటు అది. ఎన్నేళ్ళు వేసిందో, నాలుగు ఉతుకులకూ పోలేదు. గుండ్రంగా రూపాయి బిళ్ళంత గుర్తు కూడా ఉంది. పెద్దత్త తన రెండు ముక్కల్లో ఒకటి అదే కావాలంది, దానిమీద ఏమీ కుట్టనంది. ఇస్త్రీ చేయకపోతే ముక్క సమంగా రాదు, చేస్తే ఆ గుర్తు పోతుంది. ఏం చేయమంటారు?

కరీంనగర్_కోడలు:
ఇస్త్రీ చేయకండి. ఆ ముక్క ఒక్కటే 13 కాకుండా 15 అంగుళాలు కోయండి. కింద గట్టి నూలుగుడ్డ పరిచి, ముడత ఎలా లేచి ఉందో అలాగే ఉంచి, దాని చుట్టూ సన్నని కుట్లు దగ్గరదగ్గరగా వేసి పట్టండి. మొత్తం పట్టాక అప్పుడు 13కు అంచులు కోయండి. చుట్టూ సమంగా ఉంటుంది, మధ్యలో ముడి గుర్తు అలాగే నిలుస్తుంది. దారం చీర రంగుదే తీసుకోండి. అంచుల దగ్గర మాత్రమే ఇస్త్రీ, అదీ వేలెడు వెడల్పు.

పాతపెట్టె:
అత్తకు చదివి వినిపించాను. రేపు ఉదయం బస్సుకు వస్తానంది. తన సూది తానే తెచ్చుకుంటుందట.